గండి పడితే ఒకటి, పూడితే సున్నా

వానాకాలం సాయంత్రం పెద్దగా ఉరిమితే చిత్తూరు జిల్లా పెద్దపంజాణి చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు పోవడం కొత్తేమీ కాదు. ఫ్యాన్లు ఆగుతాయి. పాలకేంద్రంలో వెన్నశాతం చూసే మిషను ఆగుతుంది. గోడమీది కరెంటు మీటరులో అంకెలు మాయమవుతాయి. గంటకో, తెల్లవారికో కరెంటు వస్తుంది. మీటరు మళ్ళీ వెలిగి, ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచే లెక్క మొదలుపెడుతుంది. ఒక్క యూనిట్ కూడా మరిచిపోదు.

పాత మీటరులో ఇందుకు వింతపడాల్సింది లేదు. అందులో అల్యూమినియం బిళ్ళ తిరిగేది, దానికి తగిలించిన పళ్ళచక్రాలు అంకెల్ని జరిపేవి. కరెంటు పోతే చక్రం ఆగినచోటే ఉండిపోయేది. కొత్త మీటరులో కదిలే చక్రమే లేదు. లోపల చిన్న బ్యాటరీ ఉన్నా, దాని పని ముఖ్యంగా గడియారాన్ని నడపడం. అది అయిపోయినా యూనిట్ల లెక్క చెరిగిపోదు. మరి ఆ అంకె ఎక్కడుంది? కరెంటు లేని చిప్పులో ఏది అలా కదలకుండా నిలబడింది?

ఈ ప్రశ్నకు పరిశ్రమ యాభై ఏళ్ళుగా ఇస్తున్న జవాబు ఒకటుంది. దానికి పోటీగా పెరిగిన రెండో జవాబు ఇంకా చిత్రమైనది. ఇంజనీర్లు లోపమనుకుని వదిలించుకోవాలని చూసినదాన్నే అది పనికి పెట్టుకుంది.

ఎలక్ట్రాన్లను నిలవచేసే దారి

మొదటి జవాబు ఎలక్ట్రాన్లను నిలవచేయడం. చుట్టూ సిలికా పొరతో మూసేసిన అతి చిన్న పలకలోకి ఎలక్ట్రాన్లను తోస్తారు. అవి లోపల ఉంటే సున్నా, లేకుంటే ఒకటి. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. 1980లలో తోషిబా సంస్థలో ఫూజియో మసువోకా దాన్ని ఫ్లాష్ మెమరీగా మలిచారు. మీటరు, మెమరీ కార్డు, పెన్‌డ్రైవు, సెల్‌ఫోను, అన్నిటా దాని సంతానమే.

దానికి రెండు తలనొప్పులున్నాయి. ఎలక్ట్రాన్లు బయటికి కారకుండా ఆ సిలికా గోడ కొంత మందంగా ఉండక తప్పదు. గోడ మందంగా ఉంటే వాటిని లోపలికి తోయడానికి పది వోల్టులకు పైగా కావాలి. అదే చిప్పులో లెక్కలు చేసే ట్రాన్సిస్టర్లకేమో ఒక్క వోల్టు చాలు. ఇద్దరినీ ఒకే సిలికాన్ ముక్కమీద కాపురం పెట్టించడం, ట్రాన్సిస్టరు చిన్నదయ్యేకొద్దీ, ఖరీదైన వ్యవహారంగా మారింది. 28 నానోమీటర్ల తరానికి దిగువన చాలా సంస్థలు ఫ్లాష్‌ను లెక్కల చిప్పులో కలపడం మానేసి వేరే దారులు వెతుక్కున్నాయి.

ఆ దారుల్లో ఒకటి ఎలక్ట్రాన్ల జోలికే పోదు, పరమాణువుల అమరికను మారుస్తుంది. రెండు లోహపు పొరలు, వాటి మధ్య ఏదో ఒక లోహపు ఆక్సైడు. నిర్మాణమంతా ఇంతే. ఒకరకం వోల్టేజి ఇస్తే ఆ ఆక్సైడు కరెంటును సులువుగా పోనిస్తుంది, ఇంకోరకం ఇస్తే అడ్డుకుంటుంది. వోల్టేజి తీసేశాక కూడా చివరగా ఉన్న స్థితిలోనే ఉండిపోతుంది. నిరోధం తక్కువుంటే ఒకటి, ఎక్కువుంటే సున్నా.

అరవై ఏళ్ళ నాటి చెడిపోయిన పొరలు

ఆక్సైడు అంటే విద్యుత్తును ఆపేది. కెపాసిటర్లలో దాన్ని వాడేదే అందుకు. పొరను పల్చగా చేసి వోల్టేజి పెంచితే ఒకచోట చిల్లి పడి కరెంటు దూసుకుపోతుంది, కెపాసిటరు పనికిరాకుండా పోతుంది. ఈ వ్యాపారంలో అది చావు కిందే లెక్క.

1962లో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకుడు హిక్‌మాట్ అల్యూమినియం ఆక్సైడు వంటి పల్చటి పొరల్ని పరీక్షిస్తూ, వోల్టేజి పెంచితే కరెంటు తగ్గే విచిత్రమైన దశను నమోదు చేశారు. 1964లో గిబ్బన్స్, బీడిల్ నికెల్ ఆక్సైడులో ఇంకా ముందుకెళ్ళారు. పొర రెండు స్థితుల మధ్య అటూ ఇటూ మారుతోందని, లోపల సన్నని లోహపు దారి ఏర్పడి తెగుతోందని వాళ్ళు ఊహించారు. ఊహ చాలావరకు సరైనదే. కానీ అప్పటికి సిలికాన్ చిప్పులు పరుగందుకున్నాయి. ఎప్పుడు ఏ విలువ చూపుతుందో తెలియని ఆక్సైడు పొరలతో ఎవరికి పని? విషయం పాత పత్రికల్లో ఉండిపోయింది.

2000లో జ్యూరిచ్ ఐబీఎం ప్రయోగశాల దాన్ని తిరిగి బయటికి తీసింది. అధికోష్ణ అతివాహకత్వానికి 1987లో నోబెల్ అందుకున్న బెడ్‌నోర్జ్ ఆ బృందంలో ఉన్నారు. 2004లో శాంసంగ్ నికెల్ ఆక్సైడుతో చిప్పు స్థాయి మెమరీని చూపింది. 2008లో హెచ్‌పీ ల్యాబ్స్‌లో స్టాన్లీ విలియమ్స్ బృందం టైటానియం ఆక్సైడు పరికరాన్ని చూపించి, లియాన్ చువా 1971లో కాగితంమీద ఊహించిన, తన నిరోధాన్ని గుర్తుంచుకునే ‘మెమ్రిస్టర్’ ఇదేనని ప్రకటించేసరికి అది పత్రికలకెక్కింది. ఇది నిజంగా చువా చెప్పిన వస్తువేనా అన్న తగవు పండితుల మధ్య ఇప్పటికీ ఉంది. పొరలోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునేవారికి ఆ తగవు తేలకపోయినా నష్టమేమీ లేదు.

గెనిమకు గండి పడే తీరు

రెండు వరిమళ్ళు, మధ్యలో మట్టిగట్టు. చిత్తూరు జిల్లా రైతు దాన్ని గెనిమ అంటాడు. పైమడిలో నీళ్ళు నిండాయి, కిందిమడి ఎండిపోయి ఉంది. గట్టు గట్టిగా ఉన్నంతకాలం చుక్క దాటదు. అక్కడక్కడా ఎలుకబొక్కలు ఉన్నా, ఒకదానికొకటి కలవనంతవరకు నీళ్ళు ఆగుతాయి. అవి వరసగా కలిశాయో, గండి పడుతుంది.

ఆక్సైడు పొరలో ఎలుకబొక్కలంటే ఆక్సిజన్ ఖాళీలు. ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ వాడకంలో ఉన్న హాఫ్నియం ఆక్సైడునే చూద్దాం. అందులో ప్రతి హాఫ్నియం పరమాణువుకూ ఆక్సిజన్లు ఎలక్ట్రాన్లను బిగించి పట్టుకుని ఉంటాయి. కదలడానికి తీరికున్న ఎలక్ట్రాను లేదు కాబట్టి కరెంటు లేదు. ఎక్కడైనా ఒక ఆక్సిజన్ తన చోటు వదిలిపోతే, ఆ ఖాళీ దగ్గర ఎలక్ట్రాన్లకు ఆగే జాగా దొరుకుతుంది. ఒక ఖాళీ ఉంటే ఏమీ కాదు. పొర ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఖాళీలు వరస కడితే ఎలక్ట్రాన్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి సాగిపోతాయి. ఆ వరసనే శాస్త్రజ్ఞులు తంతువు అంటారు. దాని మందం కొద్ది నానోమీటర్లే.

మొదటిసారి గండి కొట్టడమే కష్టం. కొత్త గట్టులో బొక్కలు తక్కువ కదా. అందుకే కొత్త పరికరానికి ఒకసారి మాత్రం రెండు మూడు వోల్టులు ఇస్తారు. ఆ ఒత్తిడికి ఆక్సిజన్ అయాన్లు చోటు వదిలి ధన ధ్రువం వైపు జరుగుతాయి, వెనక ఖాళీలు మిగులుతాయి. కొంచెం కరెంటు కారుతుంది. కారిన కరెంటు వేడి పుట్టిస్తుంది. వేడికి మరిన్ని ఆక్సిజన్లు కదులుతాయి, కరెంటు ఇంకా పెరుగుతుంది. నీళ్ళు పారేకొద్దీ గండి తనంతట తానే కోసుకుపోయినట్టు, ఒకసారి మొదలైతే కన్నుమూసి తెరిచేలోపు పని అయిపోతుంది.

ఇక్కడే ఎవరో ఒకరు పారపట్టుకుని కాపలా ఉండాలి. లేకుంటే గట్టంతా కొట్టుకుపోతుంది, మళ్ళీ పూడ్చడం ఎవరితరమూ కాదు. చిప్పులో ఆ కాపలా, ఒకటో సున్నానో దాచే ప్రతి గడి పక్కనా ఉండే ట్రాన్సిస్టరుది. ఇంతకుమించి కరెంటును పోనివ్వకుండా అది అదుపు చేస్తుంది. 1960లలో చెడిపోయిన కెపాసిటరుకూ ఇప్పటి మెమరీకీ మధ్య ఉన్న పెద్ద తేడా ఈ అదుపే. (కావాలనే పూడ్చకుండా వదిలేసే మెమరీలూ ఉన్నాయి. ఐఐటీ బొంబాయి, మొహాలీలోని సెమీకండక్టర్ లాబొరేటరీ కలిసి 180 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేసిన మెమరీ ఆ జాతిది. ఒక్కసారే రాయాలి, అది చెరగదు.)

పూడ్చడానికి వోల్టేజిని తలకిందులు చేస్తారు. జరిగిపోయిన ఆక్సిజన్లు వెనక్కి వచ్చి ఖాళీల్లో కూర్చుంటాయి. అయితే తంతువు మొత్తం పూడదు. అది అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట, ఒకటి రెండు నానోమీటర్ల మేర మాత్రమే పూడుతుంది. గండి మూతిలో నాలుగు పారల మట్టి వేస్తే నీళ్ళు ఆగుతాయి, కాలువంతా పూడ్చక్కర్లేదు. అందుకే రెండోసారి తెరవడానికి మొదటిసారంత వోల్టేజి పట్టదు, ఒక వోల్టు అటూ ఇటూగా సరిపోతుంది. ఇక అక్కడినుంచి మెమరీ బతుకంతా ఆ ఒకటి రెండు నానోమీటర్ల మూతిలో తెరవడం, పూడ్చడమే.

నికెల్ ఆక్సైడుది కాస్త వేరే పద్ధతి. అక్కడ వోల్టేజి దిక్కు మార్చకుండానే, కరెంటు పెంచి ఆ వేడికి తంతువును తెంపవచ్చు. కానీ అందుకు కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి పరిశ్రమ హాఫ్నియం, టాంటలం ఆక్సైడుల వైపు మొగ్గింది.

> బాక్స్: ఒక్క వోల్టుకు అంత బలమా?
>
> టార్చిలైటు బ్యాటరీ వోల్టేజి 1.5. అంతకన్నా తక్కువతో పరమాణువులను చోటు కదిలించడం ఎలా? కిటుకు పొర మందంలో ఉంది. ఆక్సైడు మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు 16 వేలవ వంతు. అంత పల్చటి పొర మీద ఒక్క వోల్టు పెట్టడమంటే మీటరుకు 20 కోట్ల వోల్టుల ఒత్తిడి. గాలిలో నిప్పురవ్వ దూకడానికి మీటరుకు 30 లక్షల వోల్టులు చాలు. అంతకు అరవై రెట్లకు పైగా ఒత్తిడి నిశ్శబ్దంగా ఆ పొరలో ఉంటుంది.

కంటితో చూసిందెవరు?

తంతువు ఉందని నమ్మడం ఒకటి, చూపించడం ఇంకోటి. హెచ్‌పీ బృందం తొలుత ఇచ్చిన వివరణలో పొర మొత్తం అడ్డంగా రెండు భాగాలై, వాటి సరిహద్దు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బొమ్మగా వేస్తే అందంగా ఉండేది, లెక్కకు కూడా సులువు. అసలు సంగతి అంత నున్నగా లేదు.

2010లో సియోల్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు టైటానియం ఆక్సైడు పొరను కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. పొరలో ఎక్కువభాగం యథాతథంగా ఉంది. అక్కడక్కడా మాత్రం ఆక్సిజన్ తగ్గి, నాలుగు టైటానియాలకు ఏడు ఆక్సిజన్లు ఉన్న పదార్థం శంకువు ఆకారంలో నిలబడి కనిపించింది. ఆ పదార్థం మామూలు వేడిమి దగ్గర లోహంలాగే కరెంటును పోనిస్తుంది. తర్వాత కొన్నేళ్ళకు బెల్జియంలోని ఐమెక్ పరిశోధకులు ఇంకో పని చేశారు. వజ్రపు సూదిమొనతో హాఫ్నియం ఆక్సైడును పొరపొరగా చెక్కుతూ, ప్రతి పొరలో కరెంటు ఎక్కడ పారుతోందో కొలుస్తూ పోయారు. ఆ చిత్రాలన్నీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే తంతువు రూపం మూడు కొలతల్లో తేలింది. మధ్యలో సన్నబడిన మెడతో సహా.

ఇసుకలోంచి తీసిన మలినం

హాఫ్నియం పేరు తెలుగు పాఠకుడికి కొత్తగా అనిపించవచ్చు కానీ దాని వ్యవహారం హైదరాబాదుకు పాతది.

భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా సముద్రపు ఒడ్డున నల్లగా మెరిసే బరువైన ఇసుకలో ఇల్మనైటు, రూటైలు, జిర్కాన్ వంటి ఖనిజాలుంటాయి. మొదటి రెండూ టైటానియానికి మూలం. జిర్కాన్‌లో జిర్కోనియం ఉంటుంది, దానికి అంటుకునే కొద్ది శాతం హాఫ్నియం కూడా ఉంటుంది. రెండింటి రసాయన స్వభావం ఎంత దగ్గరంటే, 1923లో కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెషీ ఎక్స్‌రే పరీక్షతో పట్టుకునేదాకా జిర్కోనియంలో ఇంకో మూలకం దాగి ఉందని ఖాయంగా ఎవరూ చెప్పలేకపోయారు.

అణు రియాక్టరులో యురేనియం ఇంధనాన్ని జిర్కోనియం గొట్టాల్లో పెడతారు. ఎందుకంటే అది న్యూట్రాన్లను దాదాపుగా మింగదు. హాఫ్నియమో, అంతకు 500 రెట్లకు పైగా మింగుతుంది. కాబట్టి గొట్టం చేసేముందు హాఫ్నియాన్ని ఊడ్చిపారెయ్యాలి. హైదరాబాదులో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో ఇసుకనుంచి జిర్కోనియం తీసే వరసలో ఇదొక ముఖ్యమైన ఘట్టం. ద్రావణాల మధ్య పంచి, జిర్కోనియాన్ని ఒకవైపు లాగి, హాఫ్నియాన్ని ఇంకోవైపు వదిలేస్తారు. అదే సంస్థ ప్రత్యేక పదార్థాల విభాగం టాంటలం, నియోబియం కూడా తీస్తుంది. హైదరాబాదులోనే ఉన్న సీ-మెట్ పరిశోధనాలయం ఇస్రో అవసరాల కోసం హాఫ్నియం లోహాన్ని తీసే పద్ధతి మీద పనిచేసింది. విపరీతమైన వేడిని తట్టుకునే రాకెట్ భాగాలకు నియోబియంలో హాఫ్నియం కలుపుతారు.

టైటానియం, హాఫ్నియం, టాంటలం. ఈ మెమరీ చరిత్రలో ముఖ్యమైన మూడు ఆక్సైడుల లోహాలూ ఇలా ఇక్కడి ఇసుకకో, ఇక్కడి కర్మాగారానికో చుట్టాలే. చిప్పుకు కావలసిన శుద్ధి మాత్రం వేరే మెట్టు. ఆ ఆక్సైడును ఆవిరి రూపంలోని రసాయనాలతో, ఒక్కో పరమాణు పొర చొప్పున పేరుస్తారు.

ఇంతకూ ఇన్ని ఆక్సైడులుండగా హాఫ్నియమే ఎందుకు నెగ్గింది? కారణం సగం భౌతికశాస్త్రం, సగం లౌక్యం. ఇంటెల్ 2007లోనే తన ట్రాన్సిస్టర్లలో సిలికాకు బదులు హాఫ్నియం ఆధారిత పొరను ప్రవేశపెట్టింది. ఆ తర్వాత పరిశ్రమ అంతా అదే బాట పట్టింది. కొత్త పదార్థమంటే చిప్పుల కర్మాగారాలకు హడలు. ఒక మలినం చాలు, కోట్ల సరుకు చెత్త అవుతుంది. అప్పటికే గుమ్మం దాటి లోపలికొచ్చిన హాఫ్నియానికి ఆ గొడవ లేకపోయింది.

> బాక్స్: పదేళ్ళు నిలవాలి, క్షణంలో మారాలి
>
> మంచి మెమరీ రాసినది పదేళ్ళు నిలపాలి. పదేళ్ళంటే 31 కోట్ల పైచిలుకు సెకన్లు. రాయడానికి మాత్రం పది నానోసెకన్లు, అంటే సెకనులో పది కోట్లవ వంతు మించకూడదు. ఈ రెండు కాలాల నిష్పత్తి సుమారు 3 పక్కన 16 సున్నాలు. చదివేటప్పుడు 0.1 లేదా 0.2 వోల్టులు, రాసేటప్పుడు ఒకటి రెండు వోల్టులు వాడతారు. వోల్టేజిలో తేడా పదింతలే.
>
> ఈ అంతరాన్ని పూడ్చేవి రెండు. వోల్టేజి పెరిగితే ఆక్సిజన్ దూకాల్సిన అడ్డంకి ఎత్తు తగ్గుతుంది. దానికి తోడు వేడి. నిరోధం మారకుంటే వోల్టేజి పదింతలైతే వేడి వందింతలవుతుంది, తంతువు వేడిమి కొన్ని వందల డిగ్రీలకు ఎగబాకుతుంది. అంత వేడిలో ఆక్సిజన్ కదలిక ఎన్నో కోట్ల రెట్లు పెరుగుతుంది. కరెంటు తీయగానే ఆ కాస్త చోటు చటుక్కున చల్లారి, పరమాణువులు ఉన్నచోట బిగుసుకుపోతాయి.

ప్రతిసారీ ఒకేలా పడని గండి

ఇంత బాగుంటే ఫ్లాష్ ఇంకా ఎందుకు బతికి ఉంది? గండి మూతి ప్రతిసారీ ఒకేలా పూడదు గనక. ఒకసారి పది ఖాళీలు నిండితే, ఇంకోసారి పన్నెండు నిండుతాయి. ఇన్ని తక్కువ పరమాణువులతో ఆడుతున్నప్పుడు రెండు మూడు తేడా వచ్చినా నిరోధం చాలా మారుతుంది. ఒకే గడి ఇవాళ ఒక విలువ, రేపు ఇంకో విలువ చూపవచ్చు. పక్కపక్క గడులకు కూడా పొంతన ఉండదు. ప్రయోగశాలలో 2011లో శాంసంగ్ పరిశోధకులు టాంటలం ఆక్సైడు గడిని లక్ష కోట్లసార్లు తెరిచి మూశారు. అది బాగా కుదిరిన గడి ఘనత. కోట్ల గడులున్న చిప్పులో అన్నిటికన్నా బలహీనమైన గడిని చూసి హామీ ఇవ్వాలి, అప్పుడు ఆ సంఖ్య ఎన్నో మెట్లు దిగుతుంది.

విరుగుడు మొరటుదే కానీ పనిచేస్తుంది. రాయడం, వెంటనే చదివి చూడడం, కుదరకపోతే మళ్ళీ రాయడం. తప్పులు దిద్దే సంకేతాలు పైన మరో కాపలా. ఇంకొందరు ఈ నిలకడలేనితనాన్నే వాడుకున్నారు. రెండు చిప్పుల్లో తంతువులు ఒకేలా ఏర్పడవు కాబట్టి, ఆ తేడాల్లోంచే చిప్పుకు ఎవరూ నకలు తీయలేని గుర్తింపు సంఖ్యను రాబడుతున్నారు.

దొరుకుతున్నది ఎక్కడ?

2013లో పానసోనిక్ ఈ ఆక్సైడు మెమరీ ఉన్న చిన్న కంట్రోలరు చిప్పుల్ని భారీగా తయారుచేయడం మొదలుపెట్టింది. ఫుజిత్సు 2016 నుంచి విడి మెమరీ చిప్పులు అమ్మింది, చెవిటిమిషన్లు వాటికి మంచి గిరాకీ అయ్యాయి. చెవిలో పట్టే బ్యాటరీకి చదివేటప్పుడు కరెంటు తక్కువ తాగే మెమరీ వరమే మరి. 2022లో ఇన్ఫినియాన్ తన కార్ల కంట్రోలర్లలో, తైవాన్ సంస్థ టీఎస్ఎంసీ 28 నానోమీటర్ల పద్ధతిలో చేసే ఈ మెమరీని వాడబోతున్నట్టు ప్రకటించింది. నార్వే సంస్థ నార్డిక్ బ్లూటూత్ చిప్పుల కొత్త వరసలో ఒకదానిలో ఒకటిన్నర మెగాబైట్ల ఆక్సైడు మెమరీ ఉంది.

గమనిస్తే ఇవన్నీ చిన్న మెమరీలే. పెన్‌డ్రైవులను తోసిరాజంటుందని పదిహేనేళ్ళ కిందట చెప్పిన జోస్యం ఫలించలేదు. శాన్‌డిస్క్, తోషిబా 2013లో 32 గిగాబిట్ల నమూనాను చూపించాయి, అది దుకాణానికి రాలేదు. ఈలోగా ఫ్లాష్ అంతస్తుల మీద అంతస్తులు కట్టుకుంటూ చవకైపోయింది. ఆక్సైడుకు దక్కిన చోటు లెక్కల చిప్పు లోపలిది. లోహపు తీగల మధ్యే ఇమిడిపోతుంది, ఎక్కువ వోల్టేజి అడగదు, చదవనప్పుడు కరెంటు తాగదు. రోజులో ఎక్కువసేపు నిద్రపోయి, అప్పుడప్పుడూ లేచి నేలలో తేమ ఎంతుందో చెప్పి మళ్ళీ పడుకునే టమోటా తోటలోని సెన్సారుకు కావలసిందీ అలాంటి మెమరీయే.

నిలవ ఉన్నచోటే లెక్క

పరిశోధకుల కన్ను ఇప్పుడు ఇంకోచోట ఉంది. కృత్రిమ మేధకు కావలసింది ముఖ్యంగా గుణకారాలు, కూడికలు. మామూలు కంప్యూటరులో అంకెల్ని మెమరీనుంచి తెచ్చి, లెక్క చేసి, మళ్ళీ పెట్టాలి. లెక్కకన్నా ఈ రవాణాకే విద్యుత్తు ఎక్కువ ఖర్చు. ఆక్సైడు గడి ఉత్త ఒకటీ సున్నా మాత్రమే కాదు. గండిని సగమో, పావో పూడ్చి మధ్యస్థ విలువల్నీ నిలపవచ్చు. అడ్డం తీగలు, నిలువు తీగలు, కూడలికొక గడి పెట్టి, అడ్డం తీగల్లో వోల్టేజి ఇస్తే ప్రతి గడిలో కరెంటు ఆ వోల్టేజికీ గడి వాహకతకూ గుణకారంగా పారుతుంది. నిలువు తీగ చివర ఆ కరెంటులన్నీ కలుస్తాయి, అంటే కూడిక కూడా అయిపోయినట్టే. స్కూలు పుస్తకంలో ఉన్న ఓమ్, కిర్కాఫ్ నియమాలే లెక్క చేసిపెడతాయి.

2022లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా (శాన్‌డియాగో), చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయాలు మరికొందరితో కలిసి చేసిన న్యూర్యామ్ చిప్పులో ఇలాంటి గడులు దాదాపు 30 లక్షలున్నాయి. చేతిరాత అంకెల్ని అది 99 శాతం సరిగ్గా గుర్తుపట్టింది. అయితే తీగ చివర వచ్చిన కరెంటు ఎంతో అంకెల్లోకి మార్చాలి కదా. యూటా విశ్వవిద్యాలయం, హెచ్‌పీ ల్యాబ్స్ 2016లో ప్రతిపాదించిన ఐజాక్ నమూనాలో విద్యుత్తు ఖర్చు లెక్కేస్తే, సగానికి పైగా ఆ మార్పిడి సర్క్యూట్లకే పోయింది. గుణకారం దాదాపు ఉచితంగా దొరికింది, దాని ఫలితాన్ని చదవడానికే ఖర్చు. న్యూర్యామ్ అయితే కరెంటును కొలిచే పాత పద్ధతి మాని, తీగమీద నిలిచే వోల్టేజిని కొలిచి ఆ ఖర్చును తగ్గించుకుంది. ప్రస్తుతం ఈ రంగంలో పోటీ ఆక్సైడు పొరమీద కన్నా దాని అంచున కూర్చున్న ఆ సర్క్యూట్ల మీదే ఎక్కువగా నడుస్తోంది.